సారు మళ్లీ మళ్లీ చదివించిన మాట

ఏడో తరగతి గదిలో నేను ఎంతకాలం కూసున్ననంటే, ఆ గదికి సున్నం వేయించాలన్నా ముందుగాల నన్నడిగే వేయిస్తరని దోస్తులు నవ్వేటోళ్లు. రెండేండ్లు ఒకే బల్ల మీద కూసున్న. మూడో యేడు ఆ బల్ల మీద జాలిపడి నేనే లేచి బయటికొచ్చిన. నా చదువు అంతే. అసుంటి నేను తర్వాత కొన్నేండ్లు మెదక్ టౌన్‌లో ఇంగ్లీషు మాటలకు పెద్దదిక్కునైన. నోరు తిరగని మాట, ఎవరూ వినని మాట, ఒక్క లైన్‌లో పట్టని మాట కావాలంటే చాయ్ హోటల్ కాడ అందరూ నా దిక్కే చూసేటోళ్లు. ఈ ముచ్చట ఇన్నేండ్లు నవ్వుకుంట చెప్పిన, ఎదుటోళ్లను నవ్వించిన. కానీ చెప్పింది సగమే. రెండో సగంలో నవ్వే జాగ లేదు గనుక దాన్ని దాచిపెట్టిన.

పోయిన నెల విమల ఫోన్ చేసింది. విమల మా బడి డ్రిల్లు మాస్టర్ ఆశీర్వాదం సారు బిడ్డ, తనూ టీచర్ పని చేసి రిటైరైంది. సారు పోయి చానా యేండ్లయింది. వాళ్లమ్మ సుగుణమ్మ తొంభైకి దగ్గరపడ్డా ఇంకా గట్టిగనే ఉన్నది. "అన్నా, వానలకు గోడ చెమ్మెక్కి నాయిన ఫ్రేము కింద పడ్డది. అద్దం పలిగింది. నువ్వు అచ్చేసిందే గదా, నువ్వే బాగుచేసి తేవాలంటున్నది అమ్మ" అన్నది. కాదనలేక పోయి తెచ్చిన. ఇది రాస్తున్నప్పుడు ఆ కాయితం నా ముందు బల్ల మీదనే ఉన్నది. చాయ్ రంగుకు తిరిగింది. నేను ఎర్ర సిరాతో వేసిన పెద్ద అక్షరాలు మాత్రం ఇంకా ఎర్రగనే ఉన్నయి. పైన 'సన్మాన పత్రం' అని ఉన్నది, దాని కింద తెలుగు, తెలుగు కింద ఇంగ్లీషు. ఆ రోజుల్లో ఎవరన్న రిటైరైతే మెడల దండ వేసి, శాలువ కప్పి, వాళ్ల గొప్పలు అచ్చేసిన కాయితం నలుగుట్ల చదివి, అద్దం కట్టించి చేతికిచ్చేటోళ్లు. ఆ అద్దమే మనిషి బతుక్కు పెద్ద సర్టిఫికెట్. ఇంటికొచ్చినోళ్లకు కనబడేటట్టు ముందటి అర్రలో, మంచం పైన గోడకు తగిలించేటోళ్లు.

మా ఇల్లు అప్పుడు చర్చి గంట వినబడేటంత దూరంలో ఉండేది. అమ్మ, నాయిన చీకటితోనే కూలికి పోయేటోళ్లు. ఇంట్లో మిగిలేది నేను, మా నాయనమ్మ. నాయనమ్మ ఎవరిని చూసినా మొదట అడిగేది ఒక్కటే, "తిన్నవా?" అని. పొయ్యి మీద ఏమీ లేని రోజు మాత్రం ఆమె ఆ మాట అడిగేది కాదు. ముక్కుపొడి డబ్బీ తీసి, మూత మీద రెండుసార్లు వేలుతో కొట్టి, గోడ దిక్కు మొఖం తిప్పి పీల్చుకునేది. నాకు అర్థమై, పలక సంచి భుజాన వేసుకొని బడికి పోయేటోణ్ని. ఇప్పటికీ ఎక్కడన్న ముక్కుపొడి వాసన వస్తే నా కడుపులో ఆకలి లేస్తది. నా మనుమరాలు వింటే నవ్వుతది గాని, అది నిజం.

బడిలో పగటి బువ్వ గంటకు ముందు డ్రిల్లు ఉండేది. ఆశీర్వాదం సారు పెద్ద ఎముకల మనిషి, ఖాకీ నిక్కరు, మెడల ఈల. ఎండలో వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి మొఖం చూసుకుంట పోయేటోళ్లు. చూసి చూసి నా కాడికి రాంగనే, "ఏయ్ కిష్టయ్యా, లైన్ వంకరున్నది. నడువు స్టోరు రూముకు, డంబెల్సు లెక్కపెట్టు" అని కసిరేటోళ్లు. వారంలో మూడు నాలుగు రోజులు నాకు అదే శిక్ష. స్టోరు రూము అంటే చీకటి అర్ర. తోలు బంతుల వాసన, గీతలు గీసే సున్నం సంచి, డ్రిల్లుకు ఊపే లెజీముల కుప్ప. ఆ అర్రలోనే చెక్క అలమార మీద గుడ్డలో కట్టిన సారు టిఫిన్ డబ్బ ఉండేది. జొన్న రొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు, ఎప్పుడన్న బెల్లం ముక్క. మొదటిరోజు వాసన చూసిన. రెండోరోజు ముడి ఇప్పిన. రెండు రొట్టెలు తిని, రెండు మిగిల్చి, గుడ్డ మళ్లీ ఎట్లున్నదో అట్లనే కట్టి, మూతి తుడుచుకొని బయటికొచ్చి, "ఇరవై నాలుగున్నయి సార్" అని డంబెల్సు లెక్క అప్పజెప్పిన. ఆ తర్వాత అదే అలవాటైంది. ఇంత పెద్ద మనిషిని ఇంత అల్కగా బోల్తా కొట్టిస్తున్న గదా అని దోస్తుల ముందట కాలరెగరేసి చెప్పుకునేటోణ్ని.

పగటి బువ్వ తర్వాత ఇంకో డ్రిల్లు ఉండేది. అప్పుడు సారు ఈల నోట్లో పెట్టుకునేలోపే కడుపులో నుంచి గుడగుడమని సప్పుడొచ్చేది. ఎడ్లబండి చెక్కల వంతెన మీద పోయినట్టుండేది. మేము మూతులు మూసుకొని కిసుక్కున నవ్వేటోళ్లం. వరుసల తర్వాత సారు నీడకు కుర్చీ వేసుకొని కండ్లు మూసుకునేటోళ్లు. దానికీ నవ్వే. నేనైతే ఆ సప్పుడును నోటితో అచ్చం దించేటోణ్ని. తరగతిలో నాకు మొదటి ర్యాంకు వచ్చింది ఒక్క ఆ పనిలోనే.

బడి మానేసి బజార్ల మీద తిరుగుతున్న నన్ను సారే ఒకరోజు చెయ్యి పట్టుకొని నర్సింలు సేటు అచ్చాఫీసుకు తీస్కపోయిన్రు. సేటు నా దిక్కు చూసి, "ఏం పని వస్తది పోరనికి?" అన్నడు. సారు ఒక్క క్షణం ఆలోచించి, "ముడి బాగ కడ్తడు. ఇప్పినట్టు ఎవలకు తెల్వకుంట కడ్తడు" అన్నరు. ఇదేం సిఫారసు అనిపించింది నాకు. కానీ ఆ మాటతోనే నాకు పని దొరికింది. ఎందుకంటే అచ్చు పనిలో ముడిదే గొప్పతనం. సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేజీగా పేర్చినంక, చుట్టూ సుతిలితో బిగించి ముడి వేయాలి. ముడి జారితే పేజీ మొత్తం నేల మీద రాలి, పొద్దంతా చేసిన పని చీపురుతో ఊడ్చుకోవాల్సి వస్తది. నా ముడి ఎప్పుడూ జారలేదు.

అచ్చాఫీసంటే కిరసనాయిలు వాసన. అక్షరాలను దానితోనే కడిగేటోళ్లం. దాని మీద సిరా వాసన, బైండింగుకు పూసే లేహి పులిసిన వాసన. మూలకు ఒక లావు ఇంగ్లీషు డిక్షనరీ పడి ఉండేది. మిషన్ కాంపౌండు నుంచి ఎవరో దొర అట్టలు వేయమని పంపి, అట్ట పడేలోపే వాళ్ల దేశం పోయిండంట. ముందటి పేజీలు చెదలు తినంగ, పుస్తకం 'బి' నుంచి మొదలయ్యేది. అందుకే ఇప్పటికీ 'ఏ'తో మొదలయ్యే మాటలంటే నాకు భయం, వాటితో నాకు పరిచయం లేదు. పగటి పూట సేటు ఇంటికి తినపోతే నేను ఆ పుస్తకం ముందేసుకునేటోణ్ని. మాటకు అర్థం కూడా ఇంగ్లీషులోనే ఉండేది. ఒక మాట తెల్వాలంటే అందులో ఇంకో నాలుగు మాటలు వెతకాలి, ఆ నాలుగింటికి ఇంకో పది. ఒక్కో మాట వెనుక వారం రోజులు పడేటోణ్ని. కుందేలు వెనుక ఉరికినట్టుండేది. దొరికిన రోజు నేను రాజును.

ఆ సంబురం ఎట్ల చెప్పాల్నో తెల్వది. ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ అని ఒక మాట దొరికింది. ఇరవై తొమ్మిది అక్షరాలు. దేన్నన్న ఎందుకూ పనికిరానిదని తీసిపారేయడాన్ని అట్లంటరంట. తీసిపారేయడానికి గింత పొడుగు మాట కావాల్నా అని ఒక్కన్నే గంటసేపు నవ్విన. దాన్ని పెద్ద సైజు అక్షరాల్లో పేర్చి చూసుకున్న. అందులో 'ఐ'లే తొమ్మిది. సేటు వచ్చి అక్షరాల పెట్టె చూసి, "ఏంరా, ఉన్న 'ఐ'లన్ని ఒక్క మాటకే మింగితివి. రేపు పెండ్లి కార్డుకు ఏం పెడ్తవు, నీ తలకాయనా?" అని తిట్టిండు. ఇంటికొచ్చి నాయనమ్మతో, "నాయనమ్మా, నీ ముచ్చట మస్తు సెస్క్విపెడేలియన్ ఉంటది" అన్న. అడుగున్నర పొడుగున్నదని దాని అర్థం. ఆమె భయపడి, "గది దవాఖానల సూదిచ్చే రోగమారా?" అని అడిగింది. హోటల్ కాడ రోజుకొక మాట నా నోటి నుంచి పడేది. "కిష్టన్నా, ఇయ్యాల ఏం మాట?" అని అడిగేటోళ్లు. ఊరిలో ప్రతి మనిషికీ డిక్షనరీలో నుంచి ఒక పేరు పెట్టిన. బడి మధ్యల మానేసినోనికి అంతకంటే పెద్ద పగ తీర్చుకునుడు ఏముంటది?

అట్లాంటి రోజుల్లోనే ఆశీర్వాదం సారు రిటైరైన్రు. పాత విద్యార్థులు, బడి వాళ్లు కలిసి సన్మానం పెట్టుకున్నరు. బడి గుమాస్తా అచ్చేయాల్సిన మాటర్ పట్టుకొని అచ్చాఫీసుకు వచ్చిండు. తెలుగు పద్యాలు పండితులవారు నిండుగా రాసిచ్చిన్రు. ఇంగ్లీషు మాత్రం నాలుగు లైన్లే ఉన్నది. మంచి మనిషి, బాగా పనిచేసిండు, నిండు నూరేండ్లు బతకాలె, అంతే. గుమాస్తా గొంతు తగ్గించి, "గిది జర సప్పగున్నది కిష్టయ్యా. నువ్వు నాలుగు బరువు మాటలేసి నింపు. ఎవలకు తెల్వనియైతే ఇంక మంచిగ" అన్నడు.

ఎవరికీ తెల్వని మాటలు. అది వినంగనే నా లోపలి కోతి లేచి కూసున్నది. సారు మీద నాకు కోపం లేదు. ఉండి ఉంటే ఇయ్యాల ఇంత సిగ్గు ఉండకపోయేది, కోపంలో చేసిన అని చెప్పుకునేటోణ్ని. ముగ్గురు దోస్తులను నవ్వించడానికి చేసిన, అంతే. ఎంత తిట్టినా తగలని ఏనుగు తోలున్నోడు అని చెప్పే మాట పాకిడెర్మటస్. దాన్ని సారు హుందాతనం ముందట పెట్టిన. ఎప్పుడూ కునికిపాట్లు పడేటోడు అని చెప్పే సామ్నొలెంట్ అనే మాటను సారు సేవ ముందట పెట్టిన. ఆఖరుకు, 'బి' అక్షరంలో నాకు దొరికిన మొదటి బంగారం, బార్బరిగ్మిక్. కడుపు గుడగుడలాడుడుకు సంబంధించిన మాట. దాన్ని సారు వాక్చాతుర్యం ముందట పెట్టి, మూడింటినీ ఎర్ర సిరాలో వేసిన. తప్పులు చూసేటందుకు ప్రూఫు బడికి పోయింది. ఇంగ్లీషు సారు అద్దాలు సదురుకొని చూసి, తల ఊపి, "వెరీ గుడ్ లాంగ్వేజ్" అన్నరంట. నాకు తెల్వదు అని ఒక్కరన్న అని ఉంటే అది అక్కడనే ఆగిపోయేది. ఎవరూ అనలేదు. వాళ్లు అనరనే ధైర్యంతోనే నేను వేసిన.

సన్మానం రోజు షామియానా వేసిన్రు. ఇంగ్లీషు చదవడానికి నోరు తిరిగేటోడు ఇంకెవడూ లేడని మైకు నాకే ఇచ్చిన్రు. మొదటి పెద్ద మాట చదివిన, చప్పట్లు. రెండోది చదివిన, ఇంకా పెద్ద చప్పట్లు. మాట ఎంత పొడుగుంటే చప్పట్లు అంత పొడుగు. వెనుక నిలబడ్డ నా ముగ్గురు దోస్తులు రుమాళ్లు నోట్లో కుక్కుకున్నరు. సారు దండ బరువుకు మెడ వంచి, రెండు చేతులు జోడించి, ఒక్కో మాటకు తల వంచి దండం పెట్టిన్రు. బార్బరిగ్మిక్ కాడికి వచ్చేసరికి సారు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. చెయ్యెత్తి నన్ను ఆపి, "ఆ పెద్ద మాట ఇంకోపారి చదువు బిడ్డా, మంచిగున్నది" అన్నరు. ఇంకోసారి చదివిన. షామియానా ఎగిరిపోయేటట్టు చప్పట్లు. ముందటి వరుసలో సుగుణమ్మ కొంగుతో కండ్లద్దుకున్నది. ఆ రాత్రి బువ్వ నోట్లోకి పోలేదు నాకు. నాయనమ్మ "తిన్నవా?" అని మూడుసార్లడిగింది.

నవ్వు ఆ ఒక్కరోజుదైతే మరిచిపోదును. కానీ అద్దం గోడకెక్కింది. సారు ఇల్లు నేను అచ్చాఫీసుకు పోయే తొవ్వలోనే. చుట్టాలెవరొచ్చినా, "ఓ కిష్టయ్యా, జర ఇటు రా. మావోళ్లకు చదివి వినిపియ్యి" అని పిలిచేటోళ్లు. నేను చదువుతుంటే సారు అటెన్షన్‌లో నిలబడేటోళ్లు, జెండా ఎగరేసినప్పుడు నిలబడ్డట్టు. తర్వాత విమల హైదరాబాదు కాలేజీలో చేరింది. సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి నేను చదువుతుంటే, సగంలో లేచి లోపలికి పోయింది. ఆ రోజు సంది ఒక మార్పు గమనించిన. అంతకుముందు చుట్టాలొస్తేనే చదివించేటోళ్లు. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేకున్నా పిలిచుడు మొదలైంది. చదివినంక కొత్తగా ఒక మాట అడిగేటోళ్లు. "దాని అర్థమేందో చెప్పరాదు బిడ్డా?"

"గొప్ప మనిషి అని సార్" అనేటోణ్ని.

"అట్లనా. మంచిది. మల్లొస్తవు గదా?" అనేటోళ్లు.

పత్రం మాసిపోయింది, కొత్తది వేసిస్త అని రెండుసార్లు అడిగిన. మంచి మాటలు వేసి మార్చాలని నా ఆశ. సారు ఇయ్యలేదు. ఆఖరుకు తొవ్వ మార్చిన. చర్చి కాంపౌండు చుట్టూ తిరిగి, అరకోసు ఎక్కువ నడిచి పనికి పోయేటోణ్ని. సారు పోయినప్పుడు మట్టికి పోయిన గాని, ఇంటి లోపలికి పోలేదు. ఆ గోడ ఉన్నది గదా లోపల.

ఇప్పుడు అచ్చాఫీసు లేదు. సీసపు అక్షరాలన్నీ తూకానికి పోయినయి, నర్సింలు సేటు దుకాణం ఉన్న జాగలో సెల్‌ఫోన్ల షాపున్నది. నా మనుమరాలు ఏ మాటైనా ఫోన్‌లో కొట్టి ఒక్క క్షణంలో అర్థం చెప్తది, ఫోనే పలికి వినిపిస్తది. ఆ పిల్లకు ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ చెప్తే, "ఓస్ అదా తాతా" అన్నది. వారం రోజులు వెతికి పట్టుకున్న సంబురం ఆ పిల్లకు లేదు, నిజమే. కానీ నేను వేసినసుంటి పత్రం ఇప్పుడెవడన్న వేస్తే, షామియానా దాటకముందే దొరికిపోతడు. ఏ కాలం మంచిదంటే ఏం చెప్పాలె? నాకు మాత్రం ఆ ఫోను అప్పుడు సారు చేతిలో ఉంటే బాగుండు అనిపిస్తది. అదే రోజు చెంప మీద ఒక్కటి పడిపోయి, ఇన్నేండ్లు తొవ్వ మార్చే బాధ తప్పేది.

మొన్న కొత్త అద్దం వేయించి తీస్కపోయిన. సుగుణమ్మ మంచం మీద కూసొని ఎల్లిగడ్డ ఒలుస్తున్నది. విమల చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఫ్రేము గోడకు ఆనించి, నిలబడే చెప్పిన. కూసుంటే చెప్పలేనని తెల్సు.

"అమ్మా, ఆ ఇంగ్లీషు మాటలు మెచ్చుకునే మాటలు కావు."

ఆమె చేతులాగలేదు. "తెల్సు. ఏనుగు తోలు, నిద్రమొఖం, కడుపు సప్పుడు. విమల ఫస్టియర్ల ఉన్నప్పుడే చెప్పింది."

"సారుకు..."

"ఆయనకే చెప్పింది. నేను పక్కకున్న."

కూసున్న. "మరి అన్నిసార్లు ఎందుకు చదివించిన్రు నాతోని?"

"నేనూ అడిగిన. 'తప్పు చేసినోణ్ని కొడితే ఏమొస్తది, సరిగ్గ వచ్చేదాక మల్ల మల్ల చేయించుడే డ్రిల్లు' అన్నడు. వాడంతట వాడే అర్థం చెప్పే రోజొస్తది, చూద్దాం అంటుండె. నువ్వేమో తొవ్వనే మార్చుకుంటివి. పొద్దుగూకితే గడపల నిలబడి బజారు దిక్కు చూస్తుండె పాపం."

ఆమె ఎల్లిగడ్డ పొట్టు చాటలోకి ఊదింది. తర్వాత ఇంకో సంగతి చెప్పింది. ఆమెది ఎడమచేతి వాటం. టిఫిన్ గుడ్డ ముడి ఎడమ దిక్కు తిరిగి బడికి పోయేది. సాయంత్రం నా చేతి ముడి పడి, కుడి దిక్కు తిరిగి ఇంటికొచ్చేది. "సూడు సుగుణా, ఎంత ముద్దుగ కట్టిండో అని నాకు చూపిచ్చి నవ్వుతుండె" అన్నది.

"అమ్మా, స్టోరు రూముకు పంపుడు శిక్ష గదా?"

"శిక్షనా? పొద్దుగాల ఎవల మొఖం గుంజుకపోయి ఉంటే వాళ్లను పంపుతుండె. ఎండల నిలబడితే పడిపోతరని. నువ్వొక్కనివే గాదు, ముగ్గురు నలుగురుండిరి. నాలుగు చాలక నేను ఆరు రొట్టెలు పెడితే ఆరూ అయిపోతుండె, ఎనిమిది పెడితే ఎనిమిదీ. ఆయన పొద్దుగూకినంక ఇంటికొచ్చే తింటుండె. పిలిచి పెట్టరాదా అంటే, 'పిలిచి పెడితే సిగ్గుపడి తినరు. దొంగతనమైతే కడుపునిండ తింటరు' అంటుండె."

లోపల విమల గిన్నెల సప్పుడు చేస్తున్నది. బతుకంతా నోటితోనే బతికినోణ్ని, ఆ ఘడియకు కూడా నా నోరు నా పాత అలవాటుకే ఉరికింది. "ఏం చేద్దునమ్మా, నా డిక్షనరీల 'ఏ' అక్షరం పేజీలన్ని చెదలు తిన్నయి. అపాలజీ అనే మాట ఆ పేజీలల్లనే ఉండె" అన్న.

సుగుణమ్మ మొదటిసారి తలెత్తి నా మొఖంలోకి చూసింది.

"పేజీలు చెదలు తిన్నయి, సరే. మరి ఆయన రొట్టెలెవలు తిన్నరు బిడ్డా?"